పద్నాలుగో సందు

ఆదోనిలో సగం పెండ్లిండ్ల పరుపులు
నా చేతి కుట్టే.
ఎవురెవురో వాటి మీద గురకలు పెడుతుంటే
నేను రెప్ప వాల్చకుండా
మిద్దె బండల సందులు లెక్కబెడుతుంటి
కోడి కూసేదాకా.

ఏమైందని అందరూ అడుగుతారు.
ఏమీ కాలేదు. అదే కదా కష్టం.
ఇంట్లో చావు లేదు, అప్పు ఎప్పటంతే.
ఒక దినం సూదిలో దారం ఎక్కించి
ఎందుకు ఎక్కించినానో తెలియక
మాపటిదాకా అట్లే కూచుంటి.

తాయెత్తు కట్టిరి. దిష్టి తీసిరి.
కడకు మా తోడికోడలు మౌలాబీ
ఎమ్మిగనూరు మీద పొయ్యే బస్సెక్కించి
కర్నూలు పెద్దాసుపత్రికి పిల్చకపాయ.

డాక్టరమ్మ చిన్న వయసు.
ముందు గుండెకు గీతల కాయితం తీయించె.
ఇంకేమేం మింగుతావు, ఏమేం తాగుతావు అని అడిగె.
దూది దుమ్ముకు దగ్గు సీసా అంటి.
నిదర కోసం మా ఆయన సీసాలోది రెండు గుక్కలు,
అదీ చెప్తి, మౌలాబీ దిక్కు చూడకుండా.
"ఆ రెండూ ఈ బిళ్ళతో పొసగవమ్మా."

పెసరగింజ కంటే రవ్వంత పెద్దది.
మాపు ఒకటి. రెండు వారాలకే ఇచ్చె.
"నెలకంతా ఒకేసారి ఇయ్యి తల్లీ, బస్సు చార్జీ మిగుల్తాది"
అంటే పలకలేదు.
నా ముఖంలోకి చూసె. నేను నేలకు చూస్తి.
మెల్లగా, సూటిగా అడిగె,
"చచ్చిపోదామని తలపు వచ్చిందా?"
వచ్చిందంటి.
అన్నాక మిద్దె కూలలేదు.
బయట ఎవురో టీ అమ్ముతానే ఉన్నాడు.

ఆ మాపటి నుంచి బిళ్ళలు మౌలాబీ ట్రంకు పెట్టెలో.
తాళంచెవి ఆమె కొంగుకు.
ఆమె మనమడు పీరాగాడు ఒకసారి ఖాళీ రేకు పట్టుకుని
"పిప్పరమెంటా అవ్వా?" అన్నెప్పుడు
ఇద్దరమూ ఒకేసారి ఎగిరి దూకితిమి.

మొదటి వారాలు మందు చేసిన పనంతా నోట్లోనే:
శేరు దూది కుక్కినట్టు.
ఉసిరి ఒరుగు చప్పరిస్తా, నీళ్ళు గుటకేస్తా కుడితి.
సూది బెజ్జం రెండై కనపడె.
కడుపు బిగిస్తే జొన్నరొట్టెలోకి ఆకుకూర గంపెడు.
తెల్లారి తటాలున లేస్తే కండ్లు చీకట్లు కమ్మి
దూది మూట మీద పడితి,
నా అదృష్టం, మా ఇంట్లో అంతా మెత్తనే.
ఇప్పుడు లేచేదానికి ఒక వరస ఉంది.
కూచోవాల.
కాళ్ళకు బండ చల్లదనం తగలాల.
గోడ పట్టుకోవాల.
ఆ పైనే నేను.
ఏకుడు మిషను దగ్గరికి నన్ను రానియ్యలేదు,
ఆ మబ్బు దిగేదాకా.

నాలుగో వారమో ఐదో వారమో,
సందులు లెక్కబెడతా బెడతా
పద్నాలుగు దగ్గర తప్పిపోతి.
కండ్లు తెరిస్తే కోడి ఎప్పుడో కూసింది.

పక్కింటి ఉరుకుందమ్మ వచ్చె:
"నాకూ నిదర లేదు, రెండు బిళ్ళలియ్యి."
ఇంకొకరి మంచం కొలతకు కుట్టిన పరుపు అక్కా ఇది,
నీకు సరిపోదు,
బుధవారం బస్సుకు రా, తోడొస్తా అంటి.
అలిగిపాయ. రెండు బుధవారాలు పోయినాక వచ్చె.

పీర్ల పండగకు, బాగున్నా కదా అని,
ఎవురికీ చెప్పకుండా మానేస్తి.
ఐదు దినాలకు చెమటలు, వాంతి వచ్చినట్టు,
తలలో ఎవురో విల్లు మీటినట్టు.

మా మామ దూదేకిన విల్లు ఇంకా గోడకే ఉంది.
మిషను వచ్చినాక ఎవురూ ముట్టుకోరు.
బిగించిన నారిని ఒక్కసారే ఇడిస్తే
చెయ్యి కోస్తాదనేవాడు.
ఒక్కో చుట్టూ ఇప్పాల, ఊపిరి తీసుకుంటా.
డాక్టరమ్మ తిట్టలేదు. ఆమె చెప్పిందీ అదే,
ఇంకా కొన్ని నెలలకు,
ఆమె లెక్క ప్రకారం, నా తొందర ప్రకారం కాకుండా.

ఈ వారం ఒక పరుపు మొదలుపెట్టినా.
పత్తి ధర మండిపోతాంది.
ఎవురిదని మార్కెట్ యార్డులో అడిగిరి.
నాదే అంటి.